ఎడపల్లిలో ఏనుగు ముచ్చట

ఎడపల్లి వెళ్తున్నానని చెప్పగానే మా ఆఫీసులో మిత్రుడొకడు, "అక్కడ చూడవలసినదేముందోయ్?" అని అడిగాడు. వెంటనే జవాబు తోచలేదు. కోట లేదు, కొండగుహలు లేవు. మా మేనమామ వున్నాడు. ఆయన కొట్టంలో రెండెడ్లున్నాయి. వాళ్ళను చూడటానికే బయలుదేరాను. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒక ఏనుగును వెంటబెట్టుకుని వచ్చాను. అదెట్లాగో చెబుతాను.

నిజామాబాదు బస్టాండులో బోధన్ బస్సెక్కితే దారిలోనే ఎడపల్లి. ముందు జానకంపేట వస్తుంది. అక్కడ నరసింహస్వామి గుడి, అశోక్ సాగర్ చెరువు. అది దాటాక రోడ్డుకు అటూ ఇటూ కాలవలు, కాలవల వెంట పచ్చదనం. తెలంగాణమంటే రాళ్ళూ తుమ్మచెట్లేనని అనుకునేవారిని ఒక్కసారి ఈ బస్సెక్కించాలి. ఈ పచ్చదనం మంజీర నది చలవ. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీర మీద నిజాం సాగర్ కట్టారు. నీళ్ళు వచ్చాయి, నీళ్ళ వెంట చెరుకు వచ్చింది, చెరుకు వెంట 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ వెలసిన చోటికి షక్కర్ నగర్ అని పేరు పెట్టారు. షక్కర్ అంటే చక్కెరే. ఊరి పేరులోనే తీపి.

నా చిన్నతనంలో ఒక ఏడాది మామ ఇంట్లో వుండి ఎడపల్లి బడిలో చదువుకున్నాను. 1980లలో మాట. చెరుకు కొట్టే రోజుల్లో రాత్రి మెలకువ వస్తే, బొంగుల చప్పుడు వినిపించేది. ఒకటా రెండా! షక్కర్ నగర్ వైపు పోయే బండ్ల బారు. ప్రతి బండి కిందా ఒక కందీలు ఊగుతూ వుండేది. బండివాడు చెరుకుమోపు మీదనే నిద్రపోయేవాడు. దారి ఎడ్లకు తెలుసు. తెల్లవారేసరికి గాలిలో బెల్లప్పాకం వాసన.

ఇప్పుడా వాసన లేదు. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు వున్న చోట వరి, సోయా, పసుపు కనిపించాయి. బండ్ల చోట ట్రాక్టర్లు వున్నాయి. బస్సు దిగి నడుస్తుంటే ఊళ్ళో ఎడ్లజతలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చునని తెలిసింది. వాటిలో ఒకటి మామది.

మామ అడిగిన ప్రశ్న

"ఏం అల్లుడా, మేం గూడ యాదికొస్తమా నీకు?" అంటూ మామ అరుగు మీదనుంచి లేచాడు. డెబ్భై దాటినా నిటారుగానే వున్నాడు. ఎడమ చెంప కొంచెం లోపలికి నొక్కుకుపోయి వుంది. మాట కొద్దిగా ముద్దగా వస్తుంది. ఆరేళ్ళ క్రితం హైదరాబాదులో ఆయన చెంపలోపలి పుండును కోసి తీశారు. మా పెద్దలు రాచపుండు అనేవారు, ఇప్పుడు కాన్సర్ అంటున్నాం. కోత అయింది, కరెంటు పెట్టించారు, నయమైంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆయనే ఎత్తాలి.

అత్తమ్మ బీడీల చాట పక్కకు పెట్టి చాయ్ తెచ్చింది. గ్లాసు చేతికందగానే మామ అసలు విషయంలోకి దిగాడు.

"నువ్వు పేపర్లు చదివేటోనివి గదా, ఒక ముచ్చట చెప్పు. ఏనుగుకు రాచపుండు రాదని మా మనుమడు ఫోనుల చూపిచ్చిండు. నిజమేనా?"

"అసలు రాదని కాదు మామా. తక్కువ వస్తుంది."

"గంత పెయ్యికి తక్కువెట్ల వస్తది? గింత నాకొచ్చె!"

ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ ప్రశ్న ఆరేళ్ళుగా ఆయన లోపల నానుతున్నదని నాకు తెలిసిపోయింది. తప్పించుకునే జవాబు చెబితే మామకు తెలియకుండా పోదు. "రేపు అలీసాగర్ పోదాం. అక్కడ తీరిగ్గా చెబుతాను" అన్నాను. నిజానికి ఆ రాత్రి నేను కూడా కొంత చదువుకోవలసి వచ్చింది.

అలీసాగర్ గట్టుమీద లెక్కలు

అలీసాగర్ ఎడపల్లికి దగ్గరే. నిజాం సాగర్ కాలవ నీళ్ళు నిలవచేసే చెరువు ఇది, 1930 ప్రాంతంలో కట్టారు. తోట, మధ్యలో దీవి, గుట్టమీద అతిథిగృహం, జింకల పార్కు వున్నాయి. ఆదివారం నిజామాబాదు పిల్లాపాపలంతా ఇక్కడే వుంటారు. మేం పోయింది మామూలు రోజు కావటాన గట్టు ఖాళీగా వుంది. తూము దగ్గర చెట్టుకింద కూచున్నాం.

నేను లెక్క మొదలుపెట్టాను. మనిషి ఒంట్లో సుమారు ముప్ఫై లక్షల కోట్ల జీవకణాలున్నాయి. పాతవి పోతుంటాయి, ఒక కణం రెండుగా చీలి కొత్తవి పుడుతుంటాయి. చీలిన ప్రతిసారీ లోపలి జాతకమంతా మళ్ళీ నకలు రాసుకోవాలి. పాత రోజుల్లో పట్వారీ పహాణీ నకలు రాసినట్టే ననుకోండి. ఎంత జాగ్రత్తపరుడైనా ఎక్కడో ఒక అక్షరం తప్పు పోతుంది. చాలా తప్పులవల్ల నష్టం లేదు. కొన్ని తప్పులు ఒకే కణంలో పోగుపడితే మాత్రం ఆ కణం పద్ధతి తప్పి, ఆగకుండా పెరగటం మొదలుపెడుతుంది. అదే కాన్సర్.

"అయితే నకళ్ళు ఎక్కువ రాస్తే తప్పులెక్కువ" అన్నాడు మామ.

"సరిగ్గా అదే ప్రశ్న రిచర్డ్ పీటో అనే ఇంగ్లీషు ఆయన వేశాడు. ఆక్స్‌ఫర్డులో లెక్కల శాస్త్రవేత్త. 1977లో."

పీటో లెక్క సూటిగా వుంటుంది. ఎలుక బరువు కొద్ది తులాలు, ఆయుర్దాయం రెండు మూడేళ్ళు. మనిషిలో దానికంటే వేలరెట్లు ఎక్కువ కణాలున్నాయి. బతికేదీ ముప్ఫై రెట్లు ఎక్కువ. ఆ ప్రకారం మనలో ప్రతివాడికీ చిన్నతనంలోనే కాన్సర్ రావాలి. రావటం లేదు. ప్రయోగశాలలో వయసు మీరిన ఎలుకలకేమో అది సర్వసాధారణం. ఇక ఏనుగు బరువు మనకు డెబ్భై ఎనభై రెట్లు. నీలి తిమింగిలం వెయ్యి రెట్లకు పైమాటే. లెక్క ప్రకారం తిమింగిలమనే జంతువు పెద్దదయ్యేదాకా బతకనే కూడదు. బతుకుతూనే వుంది. దీన్ని పీటో పేరుతోనే ఒక చిక్కుముడిగా శాస్త్రజ్ఞులు చెప్పుకుంటూ వచ్చారు.

"మరి ముడి ఇప్పిండ్రా?"

కొంత విప్పారు. 2015లో అమెరికాలో రెండు బృందాలు ఇంచుమించు ఒకేసారి ఏనుగు జాతకం తెరిచి చూశాయి. ఒక దానికి నాయకుడు యూటాలో పిల్లల కాన్సర్ వైద్యుడు జాషువా షిఫ్‌మన్. ఆయన చిన్నతనంలో స్వయంగా కాన్సర్ పడి బయటపడినవాడే. రెండవ దానికి నాయకుడు చికాగోలో విన్సెంట్ లించ్. ఇద్దరికీ కనిపించింది ఒకటే: పి-53 అనే జన్యువు.

ఈ పి-53 పని ఏమిటంటే, కణం లోపల జాతకం చెడిందేమో కాపలా కాయటం. చెడినట్టు తోస్తే చీలటం ఆపిస్తుంది. బాగుచేయటానికి వీలుంటే బాగుచేయిస్తుంది. వీలుకాదనుకుంటే ఆ కణాన్ని చంపేస్తుంది.

మామ తూము వైపు చూశాడు. "అంటే మా నీరడి లెక్క" అన్నాడు.

నీరడి అంటే కాలవ నీళ్ళను కాచి పంచే మనిషి. గట్టుకు గండి పడితే మొదట తూము మూస్తాడు. తరవాత మట్టి వేసి పూడుస్తాడు. పూడే గండి కాకపోతే ఆ మడిని వదిలేసి, ఊరి పొలాన్ని కాపాడతాడు. ఇంతకంటే మంచి పోలిక నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

"అదే మామా. మనిషికి ఒక్కొక్క కణంలో ఇద్దరు నీరళ్ళు. ఒకరు తల్లి తరఫు, ఒకరు తండ్రి తరఫు. ఏనుగుకు నలభైమంది."

"నలభైమందా!"

నలభై అన్నది నిజమే గాని, అందులో చిన్న మెలిక వుంది. అసలు జత ఒకటే. మిగిలిన ముప్ఫై ఎనిమిదీ యుగాల తరబడి నకలు మీద నకలుగా జాతకంలో అతుక్కుంటూ వచ్చినవి. చాలావరకు పూర్తిగా లేనివి, తునకలు. అయినా వాటిలో కొన్ని పనిచేస్తున్నాయి. ఏనుగు నెత్తురులోని కణాలకూ, మనిషి కణాలకూ ఒకే విధంగా రేడియేషన్ తగిలించి చూస్తే, ఏనుగు కణాలు రెండింతలుగా తమను తాము చంపుకున్నాయి. బాగుచేద్దామా మానుదామా అనే మీమాంస వాటికి తక్కువ. అనుమానం వస్తే చాలు, పక్కకు తప్పుకుంటాయి. ఏనుగు ఒంటికి ఒక కణం పోతే లెక్కేమిటి? వందల ఏనుగుల మరణాల రికార్డులు చూసి షిఫ్‌మన్ బృందం వేసిన అంచనా ప్రకారం, కాన్సరుతో చనిపోయే ఏనుగులు నూటికి సుమారు అయిదు. మనుషుల్లో పదకొండు మొదలు పాతిక దాకా.

మనిషిలో ఆ ఇద్దరు నీరళ్ళలో ఒకడు పుట్టుకతోనే పనికిరానివాడైతే ఏమవుతుందో కూడా తెలుసు. అట్లాంటి కుటుంబాలను 1969లో లీ, ఫ్రామెని అనే ఇద్దరు అమెరికా వైద్యులు గుర్తించారు. ఆ కుటుంబాల్లో చిన్నవయసులోనే కాన్సర్, ఒకటి తగ్గితే మరొకటి. వారి జాతకంలో లోపించినది పి-53 అని తెలియటానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

"తిమింగిలానికి గూడ నలభైమందేనా?"

"కాదు. దానికీ మనలాగా ఒక్క జతే."

ఉత్తర ధ్రువపు మంచుసముద్రంలో బోహెడ్ అనే తిమింగిలం వుంది. రెండు వందల ఏళ్ళకు పైన బతుకుతుంది. దానికి కాపలావాళ్ళు ఎక్కువ లేరు, మేస్త్రీలు గట్టివాళ్ళు. తెగిన జాతకాన్ని తప్పులేకుండా అతకటంలో దాని కణాలు మనవాటికన్న ఎంతో నేర్పరులని 2025లో తేలింది. చలికి స్పందించే ఒక ప్రోటీను వాటిలో అమితంగా వుండటం ఒక కారణమట. ఏనుగు చెడిన కణాన్ని చంపి బతుకుతున్నది, తిమింగిలం బాగుచేసి బతుకుతున్నది. పెద్ద ఒళ్ళు కావాలంటే దారి ఒకటే వుండనక్కర లేదు.

కంచె ఎవరు కడతారు?

"గట్లయితే ఎలుక ఏం పాపం చేసింది? దానికీ నలభైమందిని ఇయ్యరాదా దేవుడు?" అన్నాడు మామ.

ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు పొలంలోనే వుంది.

"మామా, కొత్తిమీర మడికి ముళ్ళకంచె కడతావా?"

"నెల పంటకు కంచె ఎవడు కడతడు?"

"మామిడితోటకు?"

"కట్టకపోతే ఎట్ల? అయిదేండ్లు సాకితే గదా కాపుకొచ్చేది."

ఎలుక కొత్తిమీర మడి. పుట్టిన కొద్ది వారాలకే పిల్లలు పెడుతుంది, ఏడాది తిరక్కుండా పిల్లికో పాముకో ఆహారమవుతుంది. రెండేళ్ళ తరవాత రాబోయే జబ్బు నుంచి దాన్ని కాపాడే జన్యువు వున్నా లేకున్నా దాని సంతతికి ఒకటే. ఏనుగు మామిడితోట. ఇరవై రెండు నెలలు మోస్తే ఒక్క పిల్ల. మళ్ళీ పిల్లకు నాలుగైదేళ్ళు. యాభై దాటినా ఈనే ఏనుగులున్నాయి. ముప్ఫై ఏళ్ళకే రాచపుండు వచ్చి పోయే ఏనుగు తక్కువ పిల్లల్ని వదిలిపోతుంది. తట్టుకున్న ఏనుగు ఎక్కువ పిల్లల్ని వదిలిపోతుంది. ఇట్లా లక్షల ఏళ్ళు గడిస్తే, ఒళ్ళు పెరిగినకొద్దీ కంచె కూడా పెరుగుతూ వచ్చింది. ఎన్నడో పోయిన మామత్ ఎముకల్లోని జాతకంలో కూడా ఈ నకళ్ళు అనేకం కనిపించాయి.

అయితే, పెద్ద జంతువులన్నిటికీ కాన్సర్ తక్కువని గంటాపథంగా చెప్పటానికి వీల్లేదు. 2025లో రెండు వందల అరవైకి పైగా జాతులను పోల్చిచూసినవారు, ఒళ్ళు పెద్దదైన కొద్దీ కణుతులు కొంత ఎక్కువే వున్నాయన్నారు. కానీ ఏ వంశాల్లో ఒళ్ళు త్వరత్వరగా పెరుగుతూ వచ్చిందో వాటిలో లెక్కకన్న తక్కువగా వున్నాయని కూడా వారే చెప్పారు. అంటే కంచె సంగతి నిజమే, ఎక్కడ ఎంత బలంగా వుందన్న దాంట్లోనే వాదన.

ఇంతలో జింకల పార్కు వైపునుంచి ఒక గుంపు కంచెదాకా వచ్చి మమ్మల్ని చూసి ఆగింది. వాటిని చూస్తే మరో సంగతి జ్ఞాపకం వచ్చింది. లోకంలోని జంతుప్రదర్శనశాలల్లో చనిపోయిన లక్షకు పైగా జంతువుల రికార్డులు తిరగేసి, 191 జాతుల క్షీరదాలను పోల్చి 2022లో ఒక లెక్క ప్రకటించారు. మాంసం తినే జంతువుల్లో కాన్సర్ మరణాలు ఎక్కువ. అన్నిటికన్న తక్కువ చీలిన గిట్టల జంతువుల్లో. జింకలు, మేకలు, గొర్రెలు, ఆవులు ఆ జాబితాలోవే.

ఈ మాట ఉత్సాహంగా చెప్పాను. మామ ముఖం మాత్రం మారిపోయింది.

"మరి మన సోముడు?" అన్నాడు.

సోముడి కొమ్ము

నేను ఎడపల్లిలో వున్న ఏడాది మామకు రెండు తెల్లటి ఎడ్లుండేవి, సోముడు, భీముడు. సోముడి కొమ్ములు పైకిలేచి లోపలికి వంగి అద్దం చట్రంలా వుండేవి. శ్రావణమాసం చివర పొలాల అమావాస్యనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగువేసి, గంటలు కట్టి ఊరేగించటం ఈ ప్రాంతపు ఆచారం. ఆ ఏడు సోముడి కొమ్ములకు ఎర్ర రంగు వేసింది నేనే. డబ్బాలో మిగిలిందంతా పూశాను.

చెరుకు సీజను మొదలైంది. కొన్నాళ్ళకు సోముడు కాడికింద తల విదిలించటం మొదలుపెట్టాడు. కుడికొమ్మును గుంజకేసి రాసుకునేవాడు. తల ఒక పక్కకు వంచి నిలబడేవాడు. "దిష్టి తగిలింది" అన్నారొకరు. "గుంజకు గుద్దుకుంది" అన్నారింకొకరు. అత్తమ్మ దిష్టి తీసింది. మామ కొమ్ము మొదట్లో పసుపు, వేపనూనె పట్టించాడు. ఫ్యాక్టరీకి బండి ఆపితే చెరుకు ఎండిపోతుంది, ఎండిన చెరుకుకు తూకం రాదు. అంచేత బండి ఆగలేదు.

కొమ్ము వదులై ఒక పక్కకు వాలింది. ఒకనాడు కుడి ముక్కునుంచి నెత్తురు కారింది. పశువుల డాక్టరు వచ్చి వేలితో కొమ్ముమీద తట్టి, "ఎన్ని నెలలైంది?" అని మాత్రం అడిగాడు. కొమ్ము కాన్సర్. కొమ్ము మొదలంటా కోసేశారు. గాయం మానినట్టే మాని, లోపలనుంచి పువ్వులా మళ్ళీ లేచింది. అప్పటికే తలలోకి పాకింది. కసాయికి అమ్మమని చెప్పినవారున్నారు. మామ అమ్మలేదు. మరుసటి పొలాల అమావాస్యకు సోముడు లేడు. భీముడి కొమ్ములకు ఆ ఏడు ఎవరూ రంగు వెయ్యలేదు.

"చీలిన గిట్టలోల్లకు రాదంటివి గదా" అన్నాడు మామ, జింకలవైపే చూస్తూ.

నా దగ్గర వున్న జవాబు ఆయనకు ఊరట ఇచ్చేది కాదు. అయినా చెప్పాను.

కొమ్ము కాన్సర్ లోకంలో ఎక్కువగా కనిపించేది మనదేశంలోనే. కొమ్ములోపలి బోలులో వుండే పలచని పొరలో పుడుతుంది. ఆవులకు అరుదు. విత్తనపు ఆంబోతులకు మరీ అరుదు. గేదెలకూ అరుదే. వచ్చేదంతా దాదాపు ఎద్దుకే, అంటే విత్తులు కొట్టించి కాడి కట్టిన పశువుకే, అయిదు నుంచి పదేళ్ళ మంచి వయసులో. విత్తులు తీయటంవల్ల ఒంట్లో వచ్చే మార్పు, కాడి ఒరిపిడి, ఎండ, కొమ్ములు చెక్కటం, రంగులు పూయటం, ఇవన్నీ కారణాలు కావచ్చునని పశువైద్యులు అనుమానిస్తున్నారు. అనుమానితుల జాబితాలో రంగుడబ్బా వుందని చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇక్కడ రాయటం అనవసరం.

కానీ అసలు సంగతి మరొకటి వుంది. ఏనుగుకు కంచె కట్టింది తరతరాల సంతతి. తట్టుకున్నది పిల్లల్ని కన్నది, కన్నపిల్లలకు కంచె అందింది. ఎద్దుకు ఆ దారి లేదు. సోముడి ఒంట్లో ఈ జబ్బును తట్టుకునే గుణం వున్నా దాన్ని అందుకునే దూడ లేదు. లేకపోయినా దానివల్ల వంశానికి వచ్చే నష్టం లేదు. తల్లి ఆవుకూ, తండ్రి ఆంబోతుకూ ఆ జబ్బు రాదు గనక, వారు కొడుక్కి కంచె కట్టవలసిన అవసరమే కలగలేదు. వేల ఏళ్ళు ఎద్దుచేత పొలం దున్నించినా ప్రకృతి ఖాతాలో ఎద్దు పేరు ఎక్కలేదు.

మామ చాలాసేపు మాట్లాడలేదు. తూములోంచి నీళ్ళు పోతున్న చప్పుడు వినిపిస్తున్నది.

"అంటే దానికి నీరడి ఎవడు?" అన్నాడు చివరికి.

నేను చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఆయనే అన్నాడు: "మనమే గదా."

బిళ్ళగన్నేరు

తిరుగుదారిలో ఆటోలో మామ తన సంగతి తనే ఎత్తాడు. యాభై ఏళ్ళు తంబాకు, సున్నం నలిపి ఎడమ దవడన పెట్టుకున్నాడు. ఆరేళ్ళ కింద ఒక పొద్దున అక్కడ చిన్న పుండు నాలుకకు తగిలింది. నొప్పి లేదు. వారం చూశాడు, రెండు వారాలు చూశాడు.

"మూడో వారం సోముడు యాదికొచ్చిండు, అల్లుడా. నొప్పి లేదని, పని ఉన్నదని, పసుపు రాస్తే పోతదని గప్పుడు అనుకున్న. మల్ల గదే మాట అనుకుంటున్ననని సమజైంది. తెల్లారి బస్సెక్కిన."

డాక్టర్లు ఆయనతో ఒకమాట అన్నారట, మరో ఆరు నెలలు ఆగితే కోయటానికి ఏమీ మిగిలేది కాదని. నోట్లో పుండు రెండు మూడు వారాల్లో మానకపోతే చూపించుకోవాలని ఈ రోజుల్లో గోడలమీద రాస్తున్నారు. మామ గోడమీద చదవలేదు, ఎద్దు కొమ్ముమీద చదివాడు.

ఇంటికి చేరాక అత్తమ్మ పెరట్లోకి తీసుకుపోయి పూలమొక్కలు చూపించింది. కనకాంబరాలు, బంతి, గోడవార బిళ్ళగన్నేరు. బిళ్ళగన్నేరును మన ఆడవాళ్ళు పూజకు కోస్తారు, మేకలు ముట్టవు. మడగాస్కర్ దీవి దాని పుట్టిల్లు. దాని ఆకుల్లోంచి కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు 1958 నాటికి ఒక కాన్సర్ మందు తీశారు. ఆ కుటుంబంలోదే విన్‌క్రిస్టీన్. పిల్లలకు వచ్చే రక్తపు కాన్సరుకు అది ఇప్పటికీ ముఖ్యమైన మందుల్లో ఒకటి. కొమ్ము కోసిన ఎడ్లకు కూడా పశువైద్యులు దాన్ని వాడుతున్నారు. ఈ మాట చెబితే అత్తమ్మ కోయబోతున్న పువ్వును కోయకుండా వదిలేసింది. "ఆకులు మింగితే మాత్రం విషం, జాగ్రత్త" అని కూడా చెప్పవలసి వచ్చింది. మామకు వినిపించేట్టు ఇంకొంచెం గట్టిగా చెప్పాను.

ఏనుగు నలభైమంది కాపలావాళ్ళను సంపాదించటానికి లక్షల ఏళ్ళు పట్టింది. మనకు అంత వ్యవధి లేదు. మనకున్న ఇద్దరితోనే గడుపుకోవాలి. అయితే ఏనుగుకు లేనిది మనకొకటి వుంది. ఒకరి ఒంట్లో పడిన గండిని చూసి మరొకరు జాగ్రత్తపడగలరు. పెరట్లో పూసిన పువ్వులోనుంచి మందు తీయగలరు. మన పశువుకూ, మన పక్కవాడికీ మనం నీరడి కాగలం. ఏనుగు దగ్గర నేర్చుకోవాలని షిఫ్‌మన్ లాంటివారు ప్రయోగశాలల్లో ఇప్పటికీ పనిచేస్తున్నారు. ఆ మందు వచ్చేదాకా, తొందరగా చూసుకోవటమే మన కంచె.

మర్నాడు తెల్లవారుజామున బస్సుకు బయలుదేరుతుంటే కొట్టంలోనుంచి టక్ టక్ మని చప్పుడు వినిపించింది. తొంగి చూశాను. మామ ఎడ్ల మధ్య నిలబడి, ఒక్కొక్క కొమ్మునూ మొదట్లో వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. కొబ్బరికాయ కొనేవాడు తట్టి చూసినట్టుగా. మంచి కొమ్ము బోలుగా మోగుతుంది, లోపల ఏదైనా పెరిగితే చప్పుడు మొద్దుబారుతుంది. సోముణ్ణి చూసిన డాక్టరు దగ్గర నేర్చుకున్న విద్య అది.

"రోజూ చూస్తావా మామా?"

"రోజూ చూస్త. సోముడు పోయినకాన్నుంచి ఒక్కనాడు తప్పలే." నాలుగో కొమ్ము తట్టి, తల ఊపి, "మంచిగున్నది" అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "నీ నోరు గూడ తెరువు, చూస్త. సిగరెట్టు మానినవా లేదా?" అన్నాడు.

అబద్ధం చెప్పటానికి వీల్లేకపోయింది. జేబులో వున్న పెట్టె ఆయన చేతికిచ్చి బస్సెక్కాను.